చోటు చూచితివి, నీళ్ల సంగతి అడిగితివా?

ధ్యానించవలసిన వాక్యభాగములు: 2 రాజులు 2:19–22; మత్తయి 7:24–27; యిర్మీయా 32:6–15



యాసంగి వడ్లు అమ్మిన పైకము చేతికి వచ్చు ఎండకాలములో మాకు ఒక విధమైన పిలుపులు వచ్చుచుండును. "అయ్యగారూ, మెదకుల జాగా తీసుకున్నం, ఒకసారి వచ్చి ప్రార్థన చేసి పోండ్రి" అని మన విశ్వాసులు పిలుతురు. మేము సంతోషముతో పోవుదుము. నాలుగు మూలల రాళ్లు పాతి, సున్నపు గీత గీచిన ఆ చిన్న నేలమీద నిలిచి ప్రార్థించునప్పుడు మా కన్నులు కూడ చెమ్మగిల్లును. తరతరములు ఇతరుల పొలములలో చెమటోడ్చిన కుటుంబమునకు తన పేర 100 గజముల నేల దొరకుట చిన్న సంగతి కాదు.

అయితే ఒక మాట చెప్పవలెను. బయానా ఇచ్చిన తరువాత, రిజిస్ట్రేషను అయిన తరువాత, పునాది తీసిన తరువాత మమ్మును పిలిచినవారు అనేకులు. బయానా ఇయ్యకముందే "ఈ జాగా తీసుకోవచ్చునా, ఒకసారి చూడుండ్రి" అని పిలిచినవారు మాకు జ్ఞాపకమున్నంత మట్టుకు ఇద్దరే. మనము దేవుని సెలవు అడుగుట లేదు. మనము ముగించిన బేరముమీద ఆయన ముద్ర వేయుమని అడుగుచున్నాము. మీ తప్పు ఎంచుటకు ఇది వ్రాయుట లేదు. ఈ తప్పులో మా పాలు మీ పాలుకంటె ఎక్కువ. అది కొంచెము ముందుకు పోయి చెప్పెదము.

మొదట యెరికోకు పోవుదము. ఆ ఊరివారు ఎలీషా ప్రవక్తయొద్దకు వచ్చి, తమ ఊరు చూపునకు చక్కని తావే గాని అక్కడి నీరు చెడ్డదనియు, అందుచేత నేల ఫలింపదనియు విన్నవించిరి. ద్వితీయోపదేశకాండము 34వ అధ్యాయములో యెరికోకు ఖర్జూరపు చెట్ల పట్టణమను పేరున్నది. దూరమునుండి వచ్చువానికి అది పచ్చగా, చల్లగా అగపడును. ప్రవక్తకును అట్లే అగపడెను. దేవుని ఆత్మ పొందినవాడైనను ఆయన నీటి సంగతి చూపుతోనే కనిపెట్టెనని లేఖనము చెప్పలేదు. ఊరివారు చెప్పగా ఆయన వినెను.

ఇందులో మూడు సంగతులున్నవి. చోటు కన్నులకు కనబడును గాని నీటి గుణము కనబడదు. దానిని ఎరిగినవాడు అక్కడ కాపురమున్నవాడే. ఇది మొదటిది. కాపురమున్నవారు తమ ఊరి లోపమును దాచక చెప్పిరి. ఇది రెండవది. ప్రవక్త ఇండ్లలోని కుండలయొద్దకు పోలేదు, నీరు పుట్టు ఊటయొద్దకే పోయెను. ఇది మూడవది. ఇల్లు కొనువారికి, అమ్మువారికి, సంఘమునకు ఈ మూడు చాలును.

ఇప్పుడు మా తప్పు చెప్పెదము. కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని ఒక కుటుంబమువారు పట్టణపు అంచున 120 గజముల జాగా కొనిరి. భర్త మేస్త్రీ పని చేయును, భార్య బట్టలు కుట్టును. ఏండ్ల తరబడి కిరాయి ఇండ్లలో ఉండి, చీటీ ఎత్తి, ఆమె మెడలోని గొలుసు అమ్మి కొనిరి. పునాదినాడు మేము ప్రార్థన ముగించి ప్రక్కకు రాగా, అక్కడ గొర్లు మేపుచున్న ఒక ముసలివాడు మమ్మును పిలిచెను. "అయ్యా, ఇది అలుగు పారే తొవ్వ. పెద్దానలొస్తే నీళ్లన్ని ఈడికే వస్తయి. చిన్నప్పుడు మేం ఈడ చేపలు పట్టినం" అనెను.

మేము వెనుకకు తిరిగి చూచితిమి. ఆ తల్లి వచ్చినవారికందరికి పాయసము పోయుచుండెను. పిల్లలు సున్నపు గీతలమీద నడుచుచు ఇది వంటిల్లు, ఇది హాలు అని పంచుకొనుచుండిరి. ఆ సంతోషమును చెరుపుటకు మాకు మనసు రాలేదు. భూముల సంగతి కాపరికెందుకు, ప్రార్థించుటయే మా పని అని మాకు మేమే చెప్పుకొంటిమి. ముసలివాని మాట ఎవరికిని చెప్పక ఇంటికి వచ్చితిమి. ఇల్లు పూర్తియైన పిమ్మట గృహప్రతిష్ఠ చేసినది కూడ మేమే.

2025 ఆగస్టు 27, 28 తేదీలలో మన మెదకు, కామారెడ్డి జిల్లాలలో కురిసిన వాన మీకందరికి జ్ఞాపకమే. అక్కన్నపేట నుండి మెదకు వచ్చు రైలు పట్టాలు సైతము దెబ్బతినెను. 1922లో పూర్తియైన పోచారము కట్టకు ఏమగునోయని దిగువ గ్రామములవారు రాత్రియంతయు భయపడిరి. ఆ రాత్రి ఆ ఇంటిలోనికి మంచము ఎత్తున నీరు వచ్చెను. వారు పిల్లలతో పొరుగువారి డాబా ఎక్కి బ్రతికిరి, దేవునికి స్తోత్రము. బియ్యము, కుట్టుమిషను, పిల్లల బడి సర్టిఫికెట్లు, పెండ్లినాడు సంఘము ఇచ్చిన బైబిలు, అన్నియు బురదలో కలిసెను.

మేము మూడవ దినమున పోతిమి. ఆమె మమ్మును నిందింపలేదు. కుర్చీ తుడిచి వేసి, "కూసోండ్రి అయ్యగారూ" అనెను. కొంతసేపటికి మెల్లగా అడిగెను: "ఇది నీళ్ల తొవ్వ అని మీకు ముందుగాల ఎరుకేనా?"

"ఎరుకే, బిడ్డా" అని చెప్పితిమి. అంతకు మించి మాయొద్ద మాట లేకపోయెను. ఆ దినమున ప్రార్థించుటకు నోరు రాలేదు. పార తీసికొని బురద ఎత్తితిమి.

ప్రియులారా, ఈ వ్యాసము ఆ తల్లికి మేము ఇయ్యవలసిన జవాబు.

మత్తయి సువార్తలో ప్రభువు చెప్పిన రెండిండ్లను తలంచుకొనుడి. రెంటిమీద కురిసిన వాన ఒక్కటే, కొట్టిన వరద ఒక్కటే. వానకు ముందు చూచినవాడు వాటిలో భేదమును కనుగొనలేడు. పాలస్తీనా దేశపు వాగులు ఏటిలో అనేక మాసములు ఎండియుండును. అప్పుడు ఆ ఇసుక నేల చదునుగా నుండును, త్రవ్వుట సులభము, పని త్వరగా ముగియును. బండమీద కట్టినవాడు లోతుగా త్రవ్వెనని లూకా చెప్పుచున్నాడు. అనగా అతనికి శ్రమ ఎక్కువ, ఆలస్యము ఎక్కువ, ఖర్చు ఎక్కువ. ప్రభువు ఆ ఉపమానమును ముఖ్యముగా తన మాట విని దాని ప్రకారము చేయుటను గూర్చి చెప్పెను. అయినను ఆయన వడ్రంగి యింట పెరిగినవాడు. ఇండ్లు ఎట్లు నిలుచునో, ఎట్లు కూలునో ఎరిగినవాడు. నేల సంగతి విచారింపనివానిని ఆయన బుద్ధిహీనుడనెను గాని గొప్ప విశ్వాసి యనలేదు.

మనలో కొందరు విచారించుటయే అవిశ్వాసమని తలంచుచున్నారు. "దేవుడు చూచుకొనును" అందురు. దేవాలయ శిఖరముమీద నిలిచిన ప్రభువుతో సాతాను చెప్పినదియు ఇంచుమించు అదియే గదా! దూకుము, దేవదూతలు పట్టుకొందురని వాడు చెప్పెను. ప్రభువు దూకలేదు. మెట్లుండగా దూకుట విశ్వాసము కాదు, దేవుని శోధించుట. గోపురము కట్టదలచినవాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ఆయనయే చెప్పెను. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలన్నది కూడ ఆ లెక్క ఎంత బరువైనదో తెలిసియే.

ఇక మన నేల సంగతి చూతము. తెలంగాణము గొలుసుకట్టు చెరువుల దేశము. కాకతీయుల కాలమునుండి మన పూర్వులు పై చెరువు నిండి అలుగు పారిన నీరు క్రింది చెరువునకు చేరునట్లు కట్టిరి. ఒక చెరువు పూడ్చినంత మాత్రమున ఆ త్రోవ పోదు. నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు. వరుసగా కొన్ని ఏండ్లు వానలు తగ్గినప్పుడు శిఖం భూములు బీళ్లుగా కనబడును. అప్పుడే రాళ్లు పాతుదురు. ఎండకాలములోనే బేరము చెప్పుదురు. పెద్ద వాన వచ్చు ఏట వెదకినను ఆ అమ్మినవాడు దొరకడు.

ఇది క్రొత్త సంగతి కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో సుమారు 15,000 మంది చనిపోయిరి. ఆ వినాశనము తరువాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాతో ఎగువన ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను కట్టబడెను. అంతటి పాఠము నేర్చిన నగరమే 2020 అక్టోబరు వానలలో మరల మునిగెను. గుర్రం చెరువు కట్ట తెగి దిగువ బస్తీల ఇండ్లలో నీరు నిండెను. 2024 జులైలో హైడ్రా అను సంస్థ ఏర్పడి చెరువుల హద్దులలోని కట్టడములను కూల్చనారంభించినప్పుడు, అప్పు చేసి కొన్నవారు రిజిస్ట్రేషను కాగితములు చేతపట్టుకొని వీధిని నిలిచి యేడ్చిరి. ఇంటి పన్ను రసీదులు, కరెంటు మీటర్లు ఉన్నవారును వారిలో ఉండిరి. రిజిస్ట్రేషను ఆఫీసువారు దస్తావేజును నమోదు చేయుదురు గాని, ఆ నేల అమ్మినవానిదే యని పూచీ పడరు. అక్కడికి నీళ్లు రావని అసలే పూచీ పడరు.

కాబట్టి బయానా ఇయ్యకముందు ఏమి అడుగవలెను?

మొదట వచ్చు నీటిని గూర్చి అడుగుడి. ఆ సర్వే నెంబరు ఏ చెరువునకైనను, కుంటకైనను శిఖమా? గ్రామ నక్షాలో వాగు గాని, ఒర్రె గాని, కాలువ గాని అటు పోవుచున్నదా? చెరువు నిండినప్పుడు నీరు నిలుచు హద్దును ఎఫ్.టి.ఎల్. అందురు. ఆ హద్దు లోపల ఇల్లు కట్టరాదు. 2012 నాటి 168వ నెంబరు ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారము 10 హెక్టార్లు, అనగా సుమారు 25 ఎకరములు, అంతకు మించిన చెరువైనయెడల ఆ హద్దునుండి 30 మీటర్లు, అంతకు చిన్న చెరువు లేక కుంటయైనయెడల 9 మీటర్లు విడువవలెను. మున్సిపాలిటీలో, ఇరిగేషను ఆఫీసులో అడుగుడి. కాగితములు చూచిన తరువాత కాలినడకన పోవుడి. ఒక పెద్ద వాన కురిసిన మరునాడు పోయి చూడుడి. చుట్టుపట్ల గోడలమీద పాత నీటి చార కనబడునేమో చూడుడి. అన్నిటికంటె ముఖ్యముగా అక్కడ గొర్లు మేపువానిని, చేపలు పట్టువానిని, పొలము దున్నిన ముసలివారిని అడుగుడి. వారే మన యెరికో పెద్దలు. మేము వారి మాట విని మ్రింగితిమి, మీరు మ్రింగకుడి.

రెండవది, త్రాగు నీటిని గూర్చి అడుగుడి. మన ప్రాంతమున నేల అడుగంతయు గట్టి రాయి. బోరు ఒకచోట పడును, పది అడుగుల అవతల పడదు. పొరుగువారి బోరు ఎంత లోతు, ఎండకాలములో ఎన్ని నెలలు ఆగును అని అడుగుడి. 2016లో అప్పటి మన మెదకు జిల్లాలోని గజ్వేలు ప్రాంతమున, కోమటిబండలో ఆరంభమైన మిషన్ భగీరథ నల్లా ఆ వీధికి వచ్చుచున్నదా, లేదా తెలిసికొనుడి. బోరు నీరే త్రాగవలసియున్నయెడల పరీక్ష చేయించుడి. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు ఒప్పుకొందురు. దానిని మించిన నీరు ఏండ్ల తరబడి త్రాగినవారి పండ్లకు, ఎముకలకు కలుగు కీడును నల్లగొండ సీమ చాలకాలము అనుభవించెను. ఆ నీరు తేటగానే యుండును, రుచిగానే యుండును. కాచినంత మాత్రమున ఫ్లోరైడు పోదు.

మూడవది, పొరుగును గూర్చి అడుగుడి. ఇక్కడ లోతు మనకు హెచ్చరిక. యెరికోలో చోటు మంచిది, నీరు చెడ్డది. లోతు చూచిన యొర్దాను మైదానములో నీరు సమృద్ధి, పొరుగు చెడ్డది. అతడు కన్నులెత్తి నీటిని మాత్రమే చూచి సొదొమ దిక్కున గుడారము వేసెను. పచ్చిక చూచెను గాని తన పిల్లలు ఎవరి మధ్య పెరుగుదురో విచారింపలేదు.

అయితే ఒక మాట గట్టిగా చెప్పవలెను. పొరుగును విచారించుటయనగా పొరుగువాని కులమేదని విచారించుట కాదు. ఆ ప్రశ్న మన నోట రాకూడదు. మన తాతలు తమ వాడను తాము ఏరుకొనలేదు. ఊరి వెలుపల, ఇతరులు వద్దన్న నేలను వారికి చూపించిరి. అట్టి వాడలలో సువార్త వినినవారి బిడ్డలము మనము. గుడిసెవాసి పొరుగైనందుకు మన ఇంటి విలువ తగ్గునని తలంచువాడు, నా పొరుగువాడెవడని ప్రభువు నడిగిన ధర్మశాస్త్రోపదేశకునికి వచ్చిన జవాబును మరల చదువుకొనవలెను.

మనము విచారింపవలసిన పొరుగు మరియొకటి. గాలిలో ఏమి కలియుచున్నది? వాగులోనికి ఏమి విడుచుచున్నారు? రాత్రివేళ వాసన వచ్చుచున్నదా? పటాన్‌చెరువు 2016 వరకు మన మెదకు జిల్లాలోనే యుండెను. ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో నున్నది. అక్కడి కర్మాగారముల మురుగు ఇసుకవాగు, నక్కవాగులగుండ మంజీరకు చేరి పొలములను, బావులను చెరిపెను. ఆ ఊరి వైద్యుడు డాక్టరు అల్లాని కిషన్‌రావుగారు తనయొద్దకు వచ్చు రోగులను చూచి, ఈ కీడు మందులతో మాత్రమే తీరదని గ్రహించి అనేక సంవత్సరములు పోరాడిరి. 1990లో ఆ వ్యాజ్యము సుప్రీం కోర్టుకు పోయెను. 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనలో, అక్కడ శుద్ధిచేసి విడిచిన నీటిలోనే సిప్రోఫ్లోక్సాసిన్ అను మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కనబడెను. ఆ నీటి పైభాగము చూచినవానికి ఇదేమియు తెలియదు.

విశాఖపట్టణము ప్రక్కనున్న ఆర్.ఆర్. వెంకటాపురము సంగతియు ఎరుగుదుము. అక్కడి ప్లాస్టిక్ కర్మాగారము 1961లో పుట్టినప్పుడు అది ఊరికి దూరమే. పిమ్మట పట్టణము పెరిగి దాని గోడవరకు ఇండ్లు వచ్చెను. 2020 మే 7న తెల్లవారకముందే స్టైరీను వాయువు బయలువెడలి, నిద్రలోనున్నవారిని కమ్మెను. 12 మంది చనిపోయిరి. ఇల్లు కొన్ననాడు ఆ గోడ వెనుక ఏమి నిలువచేయుచున్నారని అడిగినవారెందరు? అడిగినను వారికి చెప్పినవారెవరు?

నాలుగవది, కాగితములను గూర్చి అడుగుడి. ఇది లోకసంబంధమైన పనియని చిన్నచూపు చూడకుడి. యిర్మీయా అనాతోతు పొలమును కొన్న వృత్తాంతము చదువుడి. దేవుడే కొనుమని చెప్పిన బేరమది. అయినను ప్రవక్త 17 తులముల వెండిని తూచి యిచ్చెను, సాక్షులను పెట్టుకొనెను, ముద్రవేసిన పత్రము ఒకటి, ముద్రలేనిది ఒకటి వ్రాయించెను, అవి చాలాకాలము నిలుచునట్లు మట్టికుండలో పెట్టించెను. దేవుని వాగ్దానమున్నచోటనే అంత జాగ్రత్త యుండగా, బ్రోకరు వాగ్దానము మాత్రమే యున్నచోట మన జాగ్రత్త ఎంత యుండవలెను! కనీసము 30 ఏండ్ల ఇ.సి. తీయించుడి. లింకు దస్తావేజులు వరుసగా చదివించుడి. ఆ నెంబరు రిజిస్ట్రేషను చేయరాని 22-ఎ జాబితాలో నున్నదా చూడుడి. లేఅవుటుకు అనుమతి యున్నదా చూడుడి. 500 చదరపు మీటర్లు మించిన వెంచరైనను, 8 ఫ్లాట్లు మించిన కట్టడమైనను 2016 నాటి చట్టము ప్రకారము రెరాలో నమోదు కావలెను. భూమిలేని పేదలకు ప్రభుత్వము ఇచ్చిన అసైన్డు భూమిని అమ్మరాదని 1977 నాటి చట్టము చెప్పుచున్నది. కొన్నవానికి హక్కు రాదు. మన సంఘములలో అనేకుల తాతలకు అట్టి భూములు దొరికినవి. వాటిని తెల్లకాగితముమీద అమ్ముటయు, కొనుటయు మన బిడ్డల నోటి అన్నము తీయుటయే.

ఇంతవరకు కొనువానితో మాటలాడితిమి. ఇక అమ్మువానితో. సహోదరుడా, నీ ఇంటికి నీళ్లు వచ్చునని నీకు తెలియునా? అయినయెడల కొనవచ్చినవానికి చెప్పితివా? లేవీయకాండము 14వ అధ్యాయములో ఇంటి గోడకు పట్టిన తెగులును గూర్చి ఒక నియమమున్నది. ఆ తెగులు సంగతి యాజకునికి తెలుపవలసినవాడు ఇంటి యజమానుడే. యాజకుడు వచ్చి చూచి, ఏడు దినములు ఇల్లు మూసి, మరల చూచును. ఆ యజమానుడు పచ్చసున్నము పూసి, మచ్చ కప్పి, పరదేశికి ఇల్లు అమ్మవచ్చునని ఆ నియమములో ఎక్కడను లేదు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము డాబాకు పిట్టగోడ కట్టుమని ఆజ్ఞాపించుచున్నది. ఎవడైనను పడి చచ్చినయెడల ఆ రక్తాపరాధము ఇంటివానిది. తెలిసిన అపాయమును గూర్చి మౌనముగా నుండుట పిట్టగోడ లేని డాబా. తనకు ఇతరులేమి చేయవలెనని కోరుదుమో దానినే ఇతరులకు చేయవలెనను ప్రభువు మాట, రెండిండ్ల ఉపమానమున్న ఆ మత్తయి 7వ అధ్యాయములోనే కొంచెము పైన నున్నది. ఆ ఆజ్ఞ విని చేయనివాని ఇల్లు రాతి పునాదిమీద నున్నను ఇసుకమీదిదే.

చివరగా, పల్లములోనే కాపురమున్నవారి సంగతి. వారిలో అనేకులకు వేరే చోటు కొనుటకు శక్తి లేదు. ఇదంతయు చదివి వారు, మా గతి ఏమి అని నిట్టూర్పు విడుతురు. వారిని బుద్ధిహీనులని పిలుచుటకు మాకు నోరు రాదు. ఎలీషా యెరికోవారిని ఊరు విడిచి పొమ్మనలేదు. ఊటయొద్దకు పోయెను, ఉప్పు వేసెను, దేవుడు ఆ నీటిని బాగుచేసెను. కాబట్టి సంఘము కూడ ఊటయొద్దకు పోవలెను. పూడిన కాలువను తీయించుటకు మున్సిపాలిటీకి అందరము కలిసి అర్జీ వ్రాయవలెను. ఇల్లు కట్టువానికి పీఠము రెండడుగులు ఎత్తు పెట్టుకొనుటకు చేయి సాయము చేయవలెను. కాగితములు, సర్టిఫికెట్లు నీరు చొరని డబ్బాలో పెట్టి ఎత్తున ఉంచుమని స్త్రీల మైత్రి కూటములలో నేర్పవలెను. వాన రాత్రులలో ఆలయపు తలుపు తెరిచియుంచవలెను.

మన మెదకు మహాదేవాలయము ఎట్లు కట్టబడెనో మన పిల్లలకు చెప్పుచుందుము. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు కరువు కాలములో ఆకలిగొన్నవారికి ఊరక దానము చేయక, పని యిచ్చి అన్నము పెట్టిరి. సుమారు పదేండ్లు ఆ పని సాగి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగెను. 2024లో నూరేండ్ల పండుగ చేసికొంటిమి. దేవుని ఇల్లు కట్టునప్పుడే పొరుగువాని పొయ్యిమీద కుండను తలంచినవారి పిల్లలము మనము. మన ఇల్లు మాత్రమే మునుగకుండిన చాలునని తలంచుట మనకు తగదు.

ఆ కుటుంబమును గూర్చి ఒక మాట చెప్పి ముగించెదము. మరుసటి ఎండకాలమున ఒక మనుష్యుడు వారి ఇల్లు కొనుటకు వచ్చెను. గోడలకు రంగు వేయబడియుండెను. నీటి చార కనబడుట లేదు. ధర కుదిరెను. బయానా డబ్బు జేబులోనుండి తీయుచుండగా ఆమె, "అన్నా, ఒక్క మాట. నిరుడు ఆగస్టుల ఈ ఇంట్లకు మంచమెత్తు నీళ్లొచ్చినయి" అని చెప్పెను. అతడు డబ్బు మరల జేబులో పెట్టుకొని, దండము పెట్టి వెళ్లిపోయెను. వారు ఇప్పటికిని ఆ ఇంటిలోనే యున్నారు. మేము పోయి, అంత అప్పులో ఎందుకు చెప్పితివమ్మా అని అడుగగా, "రేపు ఆయన భార్య నన్ను అడుగుతది గద అయ్యగారూ" అనెను.

నలువది ఏండ్లు దాటిన కాపరికి ఆ దినమున ఒక దర్జీ స్త్రీ బోధించెను. అప్పటినుండి మేము ఒక నియమము పెట్టుకొంటిమి. జాగా ప్రార్థనకు పిలిచినప్పుడు, మొదట వానకాలములో ఒకసారి, మన సంఘపెద్దలలో ఒకరిని వెంటబెట్టుకొని పోయి చూచెదము. చుట్టుప్రక్కల ముసలివారిని అడిగెదము. విన్నదానిని, తీపైనను చేదైనను, కొనువారి ముఖముమీద చెప్పెదము. ఆ తరువాతనే ప్రార్థన. ఇందువలన కొందరు మామీద కోపపడుదురు. కొన్ని పాయసములు మాకు దొరకకపోవును. కాని "మీకు ముందుగాల ఎరుకేనా" అను ప్రశ్నను మరియొక ఇంటిలో వినుటకంటె అది మేలు.

ప్రార్థన: ఊటలను బాగుచేయు దేవా, చోటు చూచి మోసపోకుండ మాకు వివేకము దయచేయుము. తెలిసిన నిజమును పొరుగువానికి చెప్పు ధైర్యము దయచేయుము. పల్లములలో కాపురమున్న నీ పిల్లలను ఈ వానకాలమున కాపాడుము. వారికి మేము తోడై యుండునట్లు మమ్మును లేపుము. తల వాల్చుటకు ఈ లోకమున స్థలము లేకుండిన నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.